గీజర్ ట్రిప్: కారణాలు, నిర్ధారణ, నివారణ

గీజర్ స్విచ్ వేసిన వెంటనేగానీ, కొంతసేపటికిగానీ డిస్ట్రిబ్యూషన్ బోర్డులోని మీట దానంతటదే పడిపోయి ఒక గదికో ఇల్లంతటికో కరెంటు ఆగిపోవడాన్ని గీజర్ ట్రిప్ అంటారు. తెలుగు రాష్ట్రాల్లో గదులు వేడి చేసుకోవాల్సినంత చలి ఆదిలాబాద్ ప్రాంతం, లంబసింగి, పాడేరు, అరకు వంటి కొద్ది చోట్లకే పరిమితం. అందువల్ల ఇక్కడి ఇళ్లలో కరెంటుతో వేడి చేయడమంటే ముఖ్యంగా స్నానానికి నీళ్లు కాచుకోవడమే. ఇంట్లో ఎక్కువ కరెంటు లాగే సాధనాల్లో గీజర్ ఒకటి. దాని కాయిల్ నీళ్లలో మునిగి పనిచేస్తుంది. పైగా ఎండాకాలమంతా మూలన పడి ఉండి కార్తీకంలో ఒక్కసారిగా పనిలోకి దిగుతుంది. ఈ మూడు కారణాల వల్ల ట్రిప్ బెడద దీనికి ఎక్కువ.

ట్రిప్ అయిందంటే రక్షణ సాధనం తన పని తాను చేసిందని అర్థం. ఏ మీట పడింది, ఎప్పుడు పడింది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే లోపం ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది.

నేపథ్యం

ఒకప్పుడు తెలుగు ఇళ్లలో నీళ్లు పెరటి పొయ్యి మీద కాగులో కాగేవి. తర్వాత మధ్యలో నిప్పుల గొట్టం, చుట్టూ నీళ్లు ఉండే రాగి బాయిలర్లు వచ్చాయి. 1868లో లండన్‌లో బెంజమిన్ మాఘన్ గ్యాస్ మంటతో నీళ్లు కాచే సాధనాన్ని రూపొందించి దానికి గీజర్ అని పేరు పెట్టాడు. కరెంటుతో నీళ్లు కాచడానికి మన్నికైన తీగ కావాల్సి వచ్చింది. 1906లో అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ పేటెంట్ పొందిన నికెల్-క్రోమియం మిశ్రలోహం ఆ కొరత తీర్చింది. దాన్నే నిక్రోమ్ అంటారు. ఎర్రగా కాలినా తుప్పు పట్టని ఈ తీగే నేటి గీజర్ కాయిల్‌కూ ఆధారం.

నేటి రక్షణ సాధనాలు ఇంకా తర్వాతివి. పింగాణీ గూట్లో సన్నని తీగ బిగించే ఫ్యూజు చాలాకాలం ఏకైక రక్షణగా ఉండేది. దాని స్థానంలో మీట పైకెత్తి మళ్లీ వాడుకోగల చిన్న సర్క్యూట్ బ్రేకర్ 1924లో జర్మనీలో పేటెంట్ అయింది. దాని రూపకర్తగా హ్యూగో స్టోట్జ్ పేరు చెబుతారు. కరెంటు భూమిలోకి కారడాన్ని పసిగట్టే సూక్ష్మ రక్షణ సాధనాన్ని 1955లో దక్షిణాఫ్రికా గనుల కోసం హెన్రీ రూబిన్ తయారు చేశాడు. 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు ఛార్లెస్ డాల్జీల్ మనిషి ప్రాణాన్ని దృష్టిలో పెట్టుకుని, కొద్ది మిల్లీ ఆంపియర్లకే తెగిపోయే సాధనాన్ని రూపొందించాడు.

ట్రిప్ చేసే సాధనాలు

డిస్ట్రిబ్యూషన్ బోర్డులో సాధారణంగా రెండు రకాల మీటలు కనిపిస్తాయి. ఒకటి ఎంసీబీ, అంటే పైన చెప్పిన చిన్న సర్క్యూట్ బ్రేకర్; రెండోది కరెంటు కారడాన్ని పసిగట్టే ఆర్‌సీసీబీ. పాతవాళ్లు ఈ రెండోదాన్ని ఈఎల్‌సీబీ అనే అంటారు. చూడటానికి ఒకేలా ఉన్నా ఇవి పట్టుకునే లోపాలు వేరు.

ఎంసీబీ చూసేది కరెంటు ఎంత పోతోందన్నదే. దానిలో రెండు భాగాలు ఉంటాయి. రెండు లోహాల పట్టీ కరెంటు ఎక్కువైతే వేడెక్కి మెల్లగా వంగుతుంది. ఇది ఓవర్‌లోడ్‌ను పట్టుకుంటుంది. రెండోది అయస్కాంత చుట్ట. షార్ట్ సర్క్యూట్ అయితే రెప్పపాటులో తెంచేస్తుంది. ప్రమాణాల ప్రకారం 16 ఆంపియర్ల ఎంసీబీ 18 ఆంపియర్ల దాకా గంటసేపు తట్టుకోవాలి, 23.2 ఆంపియర్ల దగ్గర గంటలోపు పడిపోవాలి. ఇళ్లలో ఎక్కువగా వాడే 'సి' రకం ఎంసీబీలో అయస్కాంతం పనిచేయాలంటే కరెంటు రేటింగ్‌కు 5 నుంచి 10 రెట్లు కావాలి. అంటే 16 ఆంపియర్ల దానికి 80 నుంచి 160 ఆంపియర్లు.

ఆర్‌సీసీబీకి కరెంటు ఎంత పోతోందన్నది పట్టదు. బస్సు ఎక్కినవాళ్లనూ దిగినవాళ్లనూ కండక్టర్ లెక్క సరిచూసుకున్నట్టు, ఫేజులో వెళ్లినదంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా అన్నదే చూస్తుంది. తేడా వస్తే ఆ కరెంటు ఎక్కడో భూమిలోకి దిగుతోందని అర్థం. ఇళ్లలో వాడేవి 30 మిల్లీ ఆంపియర్లవి. ప్రమాణం ప్రకారం ఇవి 15 మిల్లీ ఆంపియర్ల దాకా పడకూడదు, 30 చేరితే 300 మిల్లీ సెకన్లలోపు పడాలి. ఈ రెండు పనులూ ఒకే మీటలో ఉంటే దాన్ని ఆర్‌సీబీఓ అంటారు.

ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోవడం పొరపాటు. ఇంటి ఎర్త్ గుంట నిరోధం 20 ఓమ్‌లు ఉందనుకుందాం. గీజర్ లోపల ఫేజు తీగ తెగి దాని లోహపు ఒంటికి తగిలితే భూమిలోకి పోయే కరెంటు సుమారు 11.5 ఆంపియర్లు మాత్రమే. 16 ఆంపియర్ల ఎంసీబీ దీన్ని మామూలు లోడ్ అనుకుని ఊరుకుంటుంది. గీజర్ ఒంటికీ నీళ్లకూ కరెంటు ఉంటుంది, మీట మాత్రం పడదు. ఆర్‌సీసీబీ అయితే ఆ క్షణమే తెంచేస్తుంది. అలాగే ఆర్‌సీసీబీ ఒక్కటే ఉంటే ఓవర్‌లోడ్ నుంచి రక్షణ ఉండదు. ఒక చెయ్యి ఫేజుకూ ఒక చెయ్యి న్యూట్రల్‌కూ తగిలిన మనిషిని కూడా అది గుర్తించలేదు. ఆ మనిషి దానికి మరో బల్బులాంటివాడే.

గీజర్ లోపల ఏం పాడవుతుంది

మన దగ్గర ఎక్కువగా అమ్మేవి రెండు రకాలు. నీళ్లు నిల్వ ఉంచి కాచే స్టోరేజ్ గీజర్లు 10, 15, 25 లీటర్లవి, సాధారణంగా 2,000 వాట్లవి. వంటింట్లో వాడే ఇన్‌స్టంట్ గీజర్లు 3 లీటర్లవి, 3,000 వాట్లవి. 230 వోల్టుల దగ్గర మొదటిది 8.7 ఆంపియర్లు, రెండోది 13 ఆంపియర్లు తీసుకుంటుంది. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి 2,000 వాట్ల కాయిల్‌కు సుమారు 18 నిమిషాలు పడుతుంది. ఈ లెక్క తర్వాత ట్రిప్ వేళను అంచనా వేయడానికి పనికొస్తుంది.

కాయిల్‌ను విప్పి చూస్తే మధ్యలో నిక్రోమ్ తీగ చుట్ట, దాని చుట్టూ గట్టిగా దట్టించిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడి, పైన రాగి లేదా ఉక్కు మిశ్రమ లోహపు తొడుగు ఉంటాయి. ఈ పొడికి రెండు గుణాలు: వేడిని బాగా పోనిస్తుంది, కరెంటును పోనివ్వదు. కానీ తేమ పీల్చుకుంటే రెండో గుణం పోతుంది. గీజర్ ట్రిప్‌లో సగం కథ ఈ పొడిదే. తొడుగుకు వెంట్రుకవాసి పగులు వచ్చినా నీళ్లు పొడిలోకి చేరతాయి, తీగ నుంచి ఒంటికి కరెంటు కారడం మొదలవుతుంది. తీగకూ ఒంటికీ మధ్య నిరోధం సుమారు 7,700 ఓమ్‌లకు దిగితే చాలు, 30 మిల్లీ ఆంపియర్లు పోయి ఆర్‌సీసీబీ పడుతుంది. పగులు లేకపోయినా, నెలల తరబడి వాడని కాయిల్ చివరల దగ్గర సీలు సరిగా లేకపోతే గాలిలోని చెమ్మే చాలు. చలికాలం మొదటి రోజు గీజర్ వేస్తే ట్రిప్ కావడానికి తరచు ఇదే కారణం.

తొడుగు పగలడానికి మన ప్రాంతాల్లో ప్రధాన కారణం బోరు నీళ్లు. తాగునీటి ప్రమాణమైన ఐఎస్ 10500 నీటి మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు ఉండవచ్చంటుంది. వేరే నీరు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటుంది. నీళ్లు వేడెక్కినప్పుడు కాఠిన్యం కలిగించే కాల్షియం కార్బొనేటై కాయిల్ మీద పేరుకుంటుంది. దీన్నే కాయిల్‌కు ఉప్పు పట్టిందంటారు. ఆ పొర మందమయ్యేకొద్దీ వేడి నీళ్లలోకి పోలేక లోపలే నిలుస్తుంది. తొడుగు మితిమీరి కాలి బీటలు వారుతుంది. ట్యాంకులో ఉండే మెగ్నీషియం యానోడ్ కడ్డీ ట్యాంకుకు రావాల్సిన తుప్పును తను తింటుంది. అది పూర్తిగా కరిగిపోయాక తుప్పు ట్యాంకు గోడ మీద, కాయిల్ మీద పడుతుంది.

కాయిల్ కాక పాడయ్యేవి మరికొన్ని ఉన్నాయి. కింది మూత దగ్గరి రబ్బరు వాషర్ అరిగి నీళ్లు తీగల కొసల మీద పడతాయి. థర్మోస్టాట్ లోపల కాంటాక్టులు కాలిపోతాయి. వేడికి తీగ మీది ప్లాస్టిక్ కరిగి రాగి బయటపడుతుంది. థర్మోస్టాట్ అతుక్కుపోతే నీళ్లు మరీ కాగిపోయే లోపు థర్మల్ కటౌట్ కరెంటు తెంచుతుంది. అప్పుడు నీళ్లు వేడెక్కవు, కానీ బోర్డులో ఏ మీటా పడదు. దీన్ని ట్రిప్‌గా పొరబడి బోర్డు విప్పేవాళ్లున్నారు.

ట్రిప్ అయిన వేళను బట్టి

స్విచ్ వేసీ వేయగానే ఎంసీబీ పడితే షార్ట్ సర్క్యూట్. కాలిపోయిన తీగలు కలిసిపోయి ఉండవచ్చు, కాయిల్ లోపలి చుట్టలు అతుక్కుని ఉండవచ్చు. అదే క్షణంలో ఆర్‌సీసీబీ పడితే కాయిల్ గట్టిగా ఎర్త్ అయిందని, లేదా తీగ కొసల మీద నీళ్లు పడ్డాయని అనుమానించాలి.

అయిదు, పది నిమిషాల తర్వాత ఆర్‌సీసీబీ పడుతుంటే కాయిల్‌కు సన్నని పగులు ఉండవచ్చు. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఉన్న పగులు వేడికి విచ్చుకుంటుంది. ఇలాంటి కాయిల్ రోజురోజుకూ తొందరగా ట్రిప్ చేస్తుంది.

ఎంసీబీ అరగంటకో గంటకో పడుతుంటే ఓవర్‌లోడ్ సూచన. ఒకే 16 ఆంపియర్ల లైను మీద 3,000 వాట్ల గీజర్, 2,000 వాట్ల హీటర్ ఉన్న వాషింగ్ మెషీన్ కలిసి నడిస్తే 21.7 ఆంపియర్లవుతుంది. 18కీ 23.2కీ మధ్య కాబట్టి ఎంసీబీ ఒకరోజు పడుతుంది, ఒకరోజు పడదు. ఎండాకాలం బోర్డే వేడెక్కి ఉంటే ఇంకా త్వరగా పడుతుంది, ఎందుకంటే ఎంసీబీ రేటింగును 30 డిగ్రీల చుట్టుపక్కల ఉష్ణోగ్రతకు లెక్కిస్తారు. ఒక్క గీజరే నడుస్తున్నా ఎంసీబీ పడుతుంటే దాని స్క్రూలు వదులై మీట తనంతట తాను కాలుతోందేమో చూడాలి.

గీజర్ స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ఆర్‌సీసీబీ పడటం చాలామందిని తికమక పెడుతుంది. మామూలు స్విచ్ ఫేజును మాత్రమే తెంచుతుంది. న్యూట్రల్ తీగ గీజర్ లోపలిదాకా కలిసే ఉంటుంది. కాయిల్ న్యూట్రల్ కొస ఎర్త్‌కు తగిలి ఉంటే, ఫ్రిజ్జో మోటారో నడిచినప్పుడు వాటి న్యూట్రల్ కరెంటులో కొంత గీజర్ గుండా భూమిలోకి మళ్లుతుంది. లెక్కలో తేడా వచ్చి ఆర్‌సీసీబీ పడుతుంది. నింద ఫ్రిజ్జు మీదకు పోతుంది. గీజర్ ప్లగ్గు పీకాక ట్రిప్ ఆగిపోతే దోషి ఎవరో తేలినట్టే.

వాన కురిసినప్పుడే ట్రిప్ అయితే గీజర్ కన్నా ముందు డాబా మీది తీగలు, బయటి బోర్డులు, గోడల్లో చెమ్మ పట్టిన పైపులు చూడాలి.

గీజర్‌లో కాక వైరింగులో లోపం

గీజర్ సాకెట్‌లో ఏ సాధనం పెట్టినా ఆర్‌సీసీబీ పడుతుంటే గీజర్‌ను మార్చి లాభం లేదు. ఎక్కువ సందర్భాల్లో ఇది న్యూట్రల్ తప్పు. ఆర్‌సీసీబీ గుండా వెళ్లిన ఫేజుకు వేరే గది న్యూట్రల్‌ను, లేదా ఆర్‌సీసీబీకి ముందున్న న్యూట్రల్‌ను కలిపితే వెళ్లిన కరెంటు వేరే దారిన తిరిగి వస్తుంది. గీజర్ ఎంత బాగున్నా మీట నిలవదు. తర్వాత ఇన్వర్టర్ పెట్టించుకున్న ఇళ్లలో ఇది తరచు కనిపిస్తుంది. ఇన్వర్టర్ లైను న్యూట్రల్‌ను మెయిన్ న్యూట్రల్ పట్టీకి కలిపేస్తారు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మీట పడటం దీని లక్షణం.

వదులు కనెక్షన్ రెండో పెద్ద లోపం. 13 ఆంపియర్లు పోయే చోట 0.1 ఓమ్ నిరోధం ఉన్నా దాదాపు 17 వాట్ల వేడి ఆ చిన్న స్క్రూ దగ్గరే పుడుతుంది. ప్లగ్గు పిన్ను నల్లబడటం, సాకెట్ ప్లాస్టిక్ పసుపు తిరిగి కరగడం, కాలిన వాసన దీని ఆనవాళ్లు. దీన్ని ఎంసీబీగానీ ఆర్‌సీసీబీగానీ మొదట్లో గుర్తించలేవు. తీగ పైపొర కరిగి షార్ట్ అయ్యాకే మీట పడుతుంది.

మూడోది ఇల్లంతటి కారుడు ఒకచోట కూడటం. ప్రతి సాధనం నుంచీ ఎంతో కొంత కరెంటు ఎర్త్‌లోకి పోతూనే ఉంటుంది. అంతర్జాతీయ ప్రమాణాల్లో స్థిరంగా బిగించిన తాపన సాధనాలకు కిలోవాటుకు 0.75 మిల్లీ ఆంపియర్ల చొప్పున, గరిష్ఠంగా 5 దాకా అనుమతి ఉంది. కంప్యూటర్, ఏసీ, వాషింగ్ మెషీన్ ఇప్పటికే 12 మిల్లీ ఆంపియర్లు కారుస్తున్న ఇంట్లో కాస్త చెమ్మ పట్టిన గీజర్ చివరి కొద్దిపాటి కారుడుతో మీట పడేస్తుంది. ఇల్లంతటికీ ఒకే ఆర్‌సీసీబీ ఉన్నప్పుడు ఇది ఎక్కువ.

నిర్ధారణ క్రమం

షాక్ కొట్టినా, కాలిన వాసన వచ్చినా, గీజర్ నుంచి నీళ్లు బోర్డు మీదకు కారుతున్నా ముందు మెయిన్ తీసేయాలి. ఆపై గృహస్థు చేయాల్సిందేమీ లేదు, లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. మీటలన్నీ పైకే ఉండి కరెంటు లేకపోతే లోపం మీటరుకు అవతల ఉండవచ్చు. రెండు రాష్ట్రాల్లోనూ విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912.

ఇవేవీ లేనప్పుడు ఇంట్లోవాళ్లు పొడి చేతులతో, చెప్పులు వేసుకుని చేయగల పరీక్షలివి.

మొదట ఏ మీట పడిందో చూడాలి. టెస్ట్ గుండీ ఉన్నది ఆర్‌సీబీఓ లేదా ఆర్‌సీసీబీ, లేనిది ఎంసీబీ. కొన్ని కంపెనీల మీటలు ట్రిప్ అయినప్పుడు మధ్యలో ఆగుతాయి. వాటిని పూర్తిగా కిందికి దించాకే పైకెత్తాలి.

తర్వాత గీజర్ ప్లగ్గు పీకాలి. స్విచ్ తీస్తే చాలదు, కారణం పైన చెప్పిందే. ప్లగ్గు లేకుండా నేరుగా బిగించిన గీజర్ అయితే, ఫేజు న్యూట్రల్ రెండూ తెంచే డబుల్ పోల్ స్విచ్ తీయాలి.

ఎంసీబీలన్నీ దించి ఆర్‌సీసీబీని పైకెత్తాలి. నిలవకపోతే లోపం ఆర్‌సీసీబీలోనో, దాని నుంచి ఎంసీబీలకు పోయే తీగల్లోనో, ఏదో ఒక లైను న్యూట్రల్‌లోనో ఉంది. నిలిస్తే ఎంసీబీలను ఒక్కొక్కటిగా ఎత్తుతూ పోవాలి. ఏది ఎత్తితే పడిందో ఆ లైన్‌లో లోపం.

గీజర్ పీకాక అన్నీ నిలిస్తే, గీజర్ సాకెట్‌లో 16 ఆంపియర్ల ప్లగ్గుండే వేరే సాధనం పెట్టి చూడాలి. అదీ నిలిస్తే దోషం గీజర్‌దే. అది కూడా పడిపోతే సాకెట్‌దో వైరింగుదో.

ఇక్కడి నుంచి పని ఎలక్ట్రీషియన్‌ది. మూత విప్పి, కాయిల్ తీగలు విడదీసి, మల్టీమీటర్‌తో రెండు కొసల మధ్య నిరోధం చూస్తాడు. 2,000 వాట్ల కాయిల్‌కు సుమారు 26 ఓమ్‌లు, 3,000 వాట్ల దానికి 18 ఓమ్‌లు రావాలి. అసలు ఏమీ చూపకపోతే తీగ తెగింది. అలాంటి కాయిల్ నీళ్లు కాచదు, సాధారణంగా ట్రిప్ కూడా చేయదు. మరీ తక్కువ చూపితే లోపల షార్ట్. అసలైన పరీక్ష కొసకూ ఒంటికీ మధ్య నిరోధం. దీనికి మల్టీమీటర్ చాలదు. దాని బ్యాటరీ వోల్టేజికి దొరకని కారుడు 230 వోల్టుల దగ్గర బయటపడుతుంది. 500 వోల్టులతో నిరోధం కొలిచే మెగ్గర్‌తో కొలిస్తే కనీసం 1 మెగా ఓమ్ ఉండాలి. మంచి కాయిల్ అంతకు ఎన్నో రెట్లు చూపిస్తుంది. కాయిల్ బాగుంటే థర్మోస్టాట్, కటౌట్, సూచిక దీపం, ప్లగ్గు తీగ వరసగా చూడాలి.

కాయిల్ చల్లగా ఉన్నప్పుడు బాగా చూపించి, వేడెక్కాక ట్రిప్ చేస్తుంటే నీళ్లు వేడెక్కిన వెంటనే కరెంటు తీసి మళ్లీ మెగ్గర్ పెట్టాలి. చల్లని కొలతను నమ్మి గీజర్‌లో లోపమే లేదని తేల్చడం మెకానిక్కులు తరచు చేసే పొరపాటు.

ఇతర తాపన సాధనాలు

బకెట్‌లో వేసే ఇమ్మర్షన్ రాడ్డు లోపల ఉన్నదీ ఇలాంటి కాయిలే. నీళ్లు లేకుండా వేస్తే నిమిషాల్లో తొడుగు కాలి పగులుతుంది. తర్వాత నీళ్లలో పెడితే ట్రిప్ అవుతుంది, ఆర్‌సీసీబీ లేని ఇంట్లో అయితే బకెట్ నీళ్లకు కరెంటు వస్తుంది. ప్లగ్గు పీకాకే నీళ్లు ముట్టుకోవాలన్న నియమానికి మినహాయింపు లేదు.

డాబా మీది సోలార్ వాటర్ హీటర్లకు మబ్బు రోజుల కోసం కాయిల్ పెడతారు. ఎండకు తీగ తొక్క పెళుసెక్కడం, ఎలుకలు కొరకడం, మూతలోకి వాన నీళ్లు దిగడం ఇక్కడి ప్రత్యేక లోపాలు. గది వేడిచేసే ఫ్యాన్ హీటర్లు, నూనె రేడియేటర్లు సాధారణంగా 2,000 వాట్లవి. వాటితో వచ్చే ఓవర్‌లోడ్‌కు తరచు కారణం సన్నని తీగ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులు.

చలి దేశాల్లో

బ్రిటన్‌లో ఎక్కువ ఇళ్లకు సెంట్రల్ హీటింగ్ ఉంటుంది. గ్యాస్ బాయిలర్ కాచిన నీటిని పంపు గది గదికీ రేడియేటర్లలోకి తోస్తుంది. నీటిని కాచేది గ్యాసే అయినా పంపు, ఫ్యాను, మోటారు వాల్వులు, సర్క్యూట్ బోర్డు నడిచేది కరెంటుతో. పంపు సీలు కారి బోర్డు మీద నీళ్లు పడటం, వాల్వు మోటారులో చెమ్మ చేరడం అక్కడి ట్రిప్‌లకు సాధారణ కారణాలు. వేడినీళ్ల సిలిండర్ ఉన్న ఇళ్లలో 3,000 వాట్ల ఇమ్మర్షన్ హీటర్ ఉంటుంది. బాయిలర్ పాడైనప్పుడే దాన్ని వేస్తారు కాబట్టి మన గీజర్‌లా ఏళ్ల తరబడి ఊరికే ఉండి, అవసరం వచ్చిన రోజే ట్రిప్ చేస్తుంది. అక్కడి బాయిలర్లకు సాధారణంగా 3 ఆంపియర్ల ఫ్యూజుతో ఫేజు, న్యూట్రల్ రెండూ తెంచే స్విచ్ ఉంటుంది. అది తీసినా మీట పడుతుంటే బాయిలర్ నిర్దోషి. గ్యాస్ భాగాన్ని ముట్టుకునే అర్హత 2009 నుంచి గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్నవాళ్లకే ఉంది.

అమెరికాలో ఇంటి వాటర్ హీటర్లు ఎక్కువగా 240 వోల్టుల, 4,500 వాట్లవి. 30 ఆంపియర్ల జోడు బ్రేకర్ వాటికి కాపలా. స్నానాల గది ప్లగ్గులకు 4 నుంచి 6 మిల్లీ ఆంపియర్లకే తెగే జీఎఫ్‌సీఐ 1975 నుంచి విద్యుత్ కోడ్‌లో ఉంది. మన దగ్గరి 30 మిల్లీ ఆంపియర్ల అలవాటుతో వెళ్లిన తెలుగువాళ్లకు అక్కడి ప్లగ్గులు ఊరికే పడిపోతున్నట్టు అనిపించడానికి ఇదే కారణం. అక్కడి హీటర్ల మీద ఉండే ఎర్ర రీసెట్ గుండీ నీళ్లు మితిమీరి కాగితే తెంచే కటౌట్‌ది, కారుడుకు సంబంధించింది కాదు.

చేయకూడని పనులు

పడిన మీటను పదేపదే ఎత్తడం, పడకుండా చేతితో పట్టుకోవడం, 16 ఆంపియర్ల ఎంసీబీ పడుతోందని తీగ మార్చకుండా 32 ఆంపియర్లది పెట్టడం, ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా తీగ కలపడం, ట్రిప్ ఆగుతుందని గీజర్ ఎర్త్ తీగ ఊడదీయడం మన దగ్గర ఇప్పటికీ జరుగుతున్నాయి. చివరిది అన్నిటికన్నా ప్రమాదకరం. ఎర్త్ తీగ ఉన్నప్పుడు కారిన కరెంటుకు భూమిలోకి దారి ఉంటుంది, మనిషి ముట్టుకోకముందే ఆర్‌సీసీబీ పడుతుంది. దాన్ని ఊడదీస్తే కరెంటు గీజర్ ఒంటి మీద నిలిచి, కుళాయి తిప్పే తడి చేతి కోసం కాచుకుని ఉంటుంది. ఆర్‌సీసీబీ ఉంటే అప్పుడైనా తెంచుతుంది. అదీ లేకపోతే కాపాడేది ఏమీ లేదు.

నివారణ

గీజర్‌కు ప్రత్యేక లైను వేయించాలి. అందులో 2.5 లేదా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, తీగకూ గీజర్‌కూ తగిన ఎంసీబీ, ఫేజు న్యూట్రల్ రెండూ తెంచే స్విచ్ ఉండాలి. ఇల్లంతటికీ ఒకే ఆర్‌సీసీబీ బదులు స్నానాల గదులకు విడిగా ఒకటి ఉంటే లోపం ఒకచోట ఉన్నప్పుడు ఇల్లంతా చీకటి కాదు, కారుడు కూడటమూ తగ్గుతుంది. ఫేజు, న్యూట్రల్ తారుమారు కాకుండా టెస్టర్‌తో సరిచూడాలి. తారుమారైతే మామూలు స్విచ్ తీసినా కాయిల్‌లో కరెంటు ఉంటుంది.

స్టోరేజ్ గీజర్లకు ఐఎస్ 2082, ఆర్‌సీసీబీలకు ఐఎస్ 12640, ఎర్తింగుకు ఐఎస్ 3043, ఇళ్ల వైరింగుకు ఐఎస్ 732 భారతీయ ప్రమాణాలు. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడాలి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఏటా చలికాలానికి ముందు ట్యాంకు కడిగించి, కాయిల్ ఉప్పు తీయించి, యానోడ్ కడ్డీ అరిగితే మార్పించుకోవాలి. థర్మోస్టాట్‌ను చివరిదాకా తిప్పకుండా 55, 60 డిగ్రీల దగ్గర ఉంచితే ఉప్పు పట్టడం తగ్గుతుంది. ఎండాకాలంలో ఎర్త్ గుంటలో నీళ్లు పోయడం పాత అలవాటే అయినా దానికి కారణం ఉంది: ఎండిన నేల నిరోధం పెరుగుతుంది.

ఆర్‌సీసీబీ మీది టెస్ట్ గుండీని నెలకోసారి నొక్కాలి. మీట పడితే ఆర్‌సీసీబీ బతికి ఉన్నట్టు. ఎర్తింగు బాగుందో లేదో మాత్రం ఆ గుండీ చెప్పదు, దాన్ని ఎలక్ట్రీషియన్‌తో విడిగా కొలిపించాలి. గుండీ నొక్కినా మీట పడకపోతే, ఆ ఆర్‌సీసీబీని మార్చేదాకా గీజర్ వేయకూడదు.